తాళాలు చూసి తీసుకున్న ఇల్లు

మీరెవరైనా అద్దె ఇల్లు వెతుకుతూ ఉంటే, ముందు ఇది చదివి ఆ తర్వాత వెతకండి. చదివాక కూడా నాలాగే చేస్తే అది మీ ఖర్మ, నా పూచీ లేదు. ఆలోచించకుండా బోర్లా పడేవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు. నేను వారం రోజులు ఆలోచించి, నోటు పుస్తకంలో గళ్ళు గీసి, ఒక్కొక్క పేటకు మార్కులు వేసి, కూడిక రెండుసార్లు సరిచూసుకుని మరీ బోర్లా పడ్డాను. అలా పడ్డవాణ్ణి మీరు ఇంతవరకూ చూసి ఉండరు.

ఇదంతా జరిగింది రాయచూరు మహానగరంలో. మహానగరం అన్నందుకు బెంగళూరు వాళ్ళూ హైదరాబాదు వాళ్ళూ నవ్వుకుంటే నవ్వుకోండి. మాది ముదగల్. పాత కోట, దాని చుట్టూ నాలుగు బజార్లు, లింగసుగూరు పోయే బస్సులు, ఇదే మా ప్రపంచం. అక్కడి నుంచి వచ్చినవాడికి రాయచూరు ఎంత పెద్దదో మీకేం తెలుసు? స్టేషను వైపు ఒక ఊరు, గంజ్ వైపు ఒక ఊరు, కోట గోడల పక్కన ఒక ఊరు, బయట కొత్త లేఅవుట్లలో ఇంకో ఊరు. ఒక ఊరివాడు ఇంకో ఊరిని చూసి ముక్కు విరుస్తాడు. ఇన్నిట్లో ఏది నాది కావాలో తేల్చుకోవడం చిన్న పనా?

నా పేరు హుసేనప్ప. మాది తెలుగు మాట్లాడే హిందూ కుటుంబం. నాకు ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు అమ్మకు దక్కలేదట. మూడోవాడు దక్కితే నీ పేరే పెట్టుకుంటానని మా ఊరి హుసేన్ పీరుకు మొక్కుకుంది. నేను దక్కాను, పేరు పెట్టింది. మా వైపు ఇలాంటి పేర్లు వీధికి నాలుగు ఉంటాయి, ఎవరూ వింతగా చూడరు. ఈ పేరుతో చిక్కు ఉంటుందని నాకు ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా, అంటే అద్దె ఇల్లు అడిగేదాకా తెలియదు.

అప్పటికి నేను రాయచూరులో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాను. తోటి గుమాస్తా బసవరాజుతో కలిసి ఒక గదిలో ఉండేవాణ్ణి. కొత్తగా పెళ్ళయింది. సునీతది జవళగేర. కాలువ నీళ్ళు వచ్చినప్పుడు కోస్తా నుంచి వచ్చి వరి పండిస్తూ స్థిరపడిన కుటుంబం. మాది ఇష్టపడి చేసుకున్న పెళ్ళి. అందులో తెలివితక్కువ పని ఏదైనా ఉంటే అది ఆమె చేసింది, నేను కాదు.

ఇల్లు దొరికేదాకా సునీత పుట్టింట్లోనే ఉంది. ఆమె అడిగింది ఒక్కటే.

"నాకు మేడలు వద్దండీ. పెరడు లేకపోయినా ఫరవాలేదు. చదువుకోవడానికి కాస్త ప్రశాంతంగా ఉంటే చాలు. మా ఇంటి పక్కన రైసుమిల్లు మోత మీరు విన్నారు కదా? ఆ మోతలో చదివే పోయినసారి టీచరు పరీక్ష నాలుగు మార్కులతో పోగొట్టుకున్నాను. ఈసారి తప్పితే నాకు వయసు దాటిపోతుంది. ఇదే ఆఖరు."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు కొంచెం వణికింది. కొత్త పెళ్ళికొడుకు ముందు భార్య గొంతు వణికితే ఏమవుతుందో తెలుసుగా? ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది, మెదడు నాలుగంగుళాలు తగ్గుతుంది.

"చీమ నడిచినా చప్పుడు వినబడే ఇల్లు చూస్తాను. నాది పూచీ," అన్నాను.

బసవరాజు బండి మీద వెనక కూర్చుని, చంకలో నోటు పుస్తకం పెట్టుకుని బయలుదేరాను. మొదట స్టేషను వైపు ఒక ఇల్లు. గాలి, వెలుతురు, కుళాయి అన్నీ బాగున్నాయి. "రైలు చప్పుడు ఎట్లుంటది?" అని అడిగాను. ఇంటాయన జవాబు చెప్పడం మొదలుపెట్టాడు. అంతలో గూడ్సు బండి వచ్చింది. ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి, చేతులు కూడా తిప్పుతున్నాడు. బండి మొత్తం పోయాక చివరి ముక్క వినబడింది: "...అందుకే రెండు దినాలల్ల అలవాటైపోతది." చప్పుడు గడిలో సున్నా వేశాను.

తర్వాత గంజ్. అక్కడ పత్తి లారీలూ వడ్ల లారీలూ పొద్దంతా వస్తూ పోతూ ఉంటాయి. పక్క కొట్లో మిరపకాయలు దించుతున్నారు. నేను ఏకబిగిన పద్నాలుగు తుమ్ములు తుమ్మాను. "దేవుడు చల్లగా చూడాలి" అనడం మొదలుపెట్టిన ఇంటావిడ ఎనిమిదో తుమ్ము దగ్గర విసిగి లోపలికి వెళ్ళిపోయింది.

మూడోది కొత్త లేఅవుటు. ఇళ్ళు దూరదూరంగా, ఒక్కొక్క గేటుకు ఒక్కొక్క పేరు బోర్డుతో, ఎంత నిశ్శబ్దంగా ఉన్నాయంటే నా చెప్పుల చప్పుడుకు నాకే సిగ్గేసింది. ఇదే అనుకున్నాను. ఇంటాయన మంచివాడే, మంచినీళ్ళు కూడా ఇచ్చాడు.

"పేరు?"

"హుసేనప్ప."

"అప్ప సరే. ముందున్న హుసేన్ ఏంది?"

మొక్కు కథంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "ఇంట్ల అడిగి చెప్త," అన్నాడు. ఇప్పటికి చాలా ఏళ్ళయింది, ఇంకా అడుగుతూనే ఉన్నాడు.

పాత బస్తీలో ఒక గల్లీకి వెళ్ళాం. అక్కడి పెద్దాయన నన్ను చాపమీద కూర్చోబెట్టి పేరడిగాడు. చెప్పాను.

"హుసేన్ సరే బేటా. వెనకున్న అప్ప ఏంది?"

మళ్ళీ మొక్కు కథ. ఆయన కూడా ఇంట్లో అడగడానికి లోపలికి వెళ్ళాడు. బయటికి మాత్రం రాలేదు.

బండి స్టార్టు చేస్తూ బసవరాజు, "గురూ, నీ పేరుకు రెండు ఇండ్లు కావాలి. సగం నువ్వు ఇక్కడ ఉండు, సగం లేఅవుట్ల ఉండు," అన్నాడు. నేను గట్టిగా నవ్వాను. నవ్వాను గాని మనసులో చివుక్కుమంది. అమ్మ ఎంత భయపడి, ఎంత ఆశపడి పెట్టుకున్న పేరు అది. ఆ పేరును ఒకడు ముందు నుంచి కోస్తున్నాడు, ఇంకొకడు వెనక నుంచి.

సరిగ్గా అప్పుడే అమ్మ ఫోను చేసింది.

"ఏం బిడ్డా, పీర్లకు ఎప్పుడొస్తున్నవ్?"

పీర్ల పండుగ అంటే మొహర్రం. మా ముదగల్‌లో అది పది రోజుల పండుగ. వెండి పంజాలు కట్టిన పీర్లను లేపి ఊరేగిస్తారు, నిప్పుల గుండం చుట్టూ ఆడతారు, డప్పులు మోగుతాయి. అందులో ఫలానా మతమని లేదు. పొట్ట చేత పట్టుకుని ఎక్కడెక్కడికో పోయిన ముదగల్ వాళ్ళందరూ ఆ రోజులకు ఊరు చేరవలసిందే. పెళ్ళికి రానివాణ్ణి మా ఊరు క్షమిస్తుంది, పీర్లకు రానివాణ్ణి క్షమించదు. నేను పుట్టినప్పటి నుంచీ ఒక్కసారి కూడా తప్పలేదు.

"ఈసారి రానమ్మా. డ్యూటీ ఉన్నది, సెలవియ్యలేదు," అని అబద్ధం చెప్పాను. ఆ సెలవుల్లో ఇల్లు వెతకాలని నా పథకం.

"పీర్లకు సెలవియ్యరా? నువ్వు ఏ ఆఫీసుల చేస్తున్నవ్ రా?" అని అమ్మ ఫోను పెట్టేసింది.

ఇప్పుడు అసలు ఘట్టం వినండి. మర్నాడు కోట గోడ పక్కనుంచి పోతుంటే ఒక గల్లీ కనబడింది. రెండు వైపులా కలిపి పదిహేను ఇళ్ళు. ఒక చివర వేపచెట్టు, మొదట్లో కుళాయి. మనిషి అలికిడి లేదు. కుళాయి నుంచి బొట్టు పడితే ఆ చప్పుడు గల్లీ చివర దాకా వినబడుతోంది. ప్రతి తలుపుకూ తాళం. నేను చీమ నడక అని మాట వరసకు అన్నాను గాని, ఇక్కడ నిజంగా వినబడేట్టు ఉంది.

ఒక్క గుమ్మంలో మాత్రం ఒక ముసలావిడ మోకాలికి నూనె రాసుకుంటూ కూర్చుని ఉంది. పేరు ఖాసింబీ. పక్క వాటా ఆమెదే, ఖాళీగా ఉంది.

"పేరేంది బేటా?"

ఊపిరి బిగపట్టి చెప్పాను, "హుసేనప్ప."

"మంచి పేరు. మొక్కి పెట్టిండ్రా?"

అంతే! ముందేంది, వెనకేంది అని అడగలేదు. నూనె సీసా మూత పెట్టి తాళం చెవి తీసిచ్చింది. నిజం చెప్పొద్దూ, ఆ మాటకే సగం అద్దె ఇచ్చేయాలనిపించింది.

"ఏ ఊరు?"

ఇక్కడ రెండో అబద్ధం. ముదగల్ అని చెప్పబుద్ధి కాలేదు. ఎందుకంటారా? మా ఊళ్ళో నేను పదో తరగతి లెక్కల్లో తప్పితే, నేను ఇంటికి చేరేలోపలే పూలమ్మే ఆవిడ వచ్చి అమ్మను ఓదార్చి వెళ్ళింది. సినిమాకు పోతే టిక్కెట్టు కొన్నప్పుడు ఒకడు, బయటికి వచ్చినప్పుడు ఒకడు నాన్నకు కబురు చేసేవారు. ఈ మహానగరంలోనైనా ఎవరికీ తెలియని మనిషిలా బతకాలని నా కోరిక.

"మాది జవళగేర. ఇల్లు కోసం తిరుగుతున్న," అన్నాను.

"జవళగేరోళ్లు అండీ గిండీ అంటరు గద? నువ్వు మా లెక్కనే మాట్లాడుతున్నవ్."

"మా అమ్మమ్మది ఇటుపక్కనే."

బసవరాజుకు మాత్రం అనుమానం వచ్చింది. "ఇంతమంది ఒక్కసారే ఎక్కడికి పోయిండ్రప్పా?" అన్నాడు.

"ఉద్యోగస్తులు. పొద్దున పోయి సాయంత్రం వస్తారు," అని తేల్చేశాను.

సాయంత్రం మళ్ళీ వెళ్ళాం. తాళాలు అలాగే ఉన్నాయి. "చూశావా, ఎంత కష్టపడే మనుషులో, పొద్దు గూకినా ఇల్లు చేరలేదు," అన్నాను. బసవరాజు నా ముఖం వైపు చూసి తల గోక్కున్నాడు. ఆ చూపులో ఏముందో నాకు ఇప్పుడు తెలుసు.

ఖాసింబీ అయితే ఉన్నమాట సూటిగా చెప్పింది. "తొందరేంది బేటా? నాలుగు దినాలాగి రా. గల్లీవోళ్లు వచ్చినంక చూసుకోని పోదువు."

అంతకంటే తేటగా ఎవరు చెప్పగలరు? కానీ తెలివైనవాడికి తేట మాటలు ఎక్కవు. ఈ నాలుగు రోజుల్లో ఇంకెవరికో ఇచ్చే ఆలోచన ఏదో ఉందనుకుని, అక్కడికక్కడే అడ్వాన్సు ఆమె చేతిలో పెట్టాను. నోటు పుస్తకంలో చప్పుడు గడిలో నూటికి నూటపది వేశాను.

ఇది చదివేవాళ్ళలో మా ఊరివాళ్ళు ఉంటే ఈపాటికి తల పట్టుకుని ఉంటారు. ముదగల్‌లో పుట్టి పెరిగినవాణ్ణి. పీర్లకు ఊరు కిటకిటలాడడం చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ణి. ఆ జనమంతా ఎక్కడో ఒకచోటి నుంచే కదా వస్తారు? వాళ్ళు వదిలి వచ్చిన వీధులు ఆ పది రోజులూ ఎలా ఉంటాయో ఒక్కసారైనా ఆలోచించానా? వచ్చేవాళ్ళను చూడడమే గాని, ఖాళీ అయిన చోటును నేనెప్పుడూ చూడలేదు. చూసిన మొదటిసారే అడ్వాన్సు ఇచ్చాను.

పండుగ ముగిసిన మర్నాడు సునీతను తీసుకొచ్చాను. సామాను దించి, ఆమె గల్లీ మధ్య నిలబడి కాసేపు విన్నది. వినడానికి ఏమీ లేదు.

"నిజంగానే దొరికిందండీ!" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పూటే పుస్తకాలు పేర్చుకుని, కిటికీ పక్కన కూర్చుని, సాయంత్రం దాకా కదలకుండా చదివింది. నేను వంటింట్లో గిన్నె కింద పెట్టడానికి కూడా భయపడుతూ, కాలివేళ్ళ మీద నడుస్తూ, ఇంతటి మొగుడు ఇంకెవరికి దొరుకుతాడని మురిసిపోయాను.

ఆ మురిపెం మర్నాడు పొద్దున పది గంటల వరకు నిలిచింది.

పది గంటలకు గల్లీ మొదట్లో రెండు టెంపోలు ఆగాయి. ముందు డప్పులు దిగాయి. తర్వాత మూటలు, బిందెలు, ముసలివాళ్ళు. పది రోజులు అరిచి బొంగురుపోయిన గొంతులతో అందరూ ఒకేసారి మాట్లాడుతూ దిగారు. వాళ్ళలో ఒక బట్టతల, ఒక తెల్ల మీసం నాకు తెలిసినవిగా తోచాయి. చూస్తే పీరప్ప మామ. ముదగల్‌లో మా ఇంటి వెనక ఇల్లు. చిన్నప్పుడు నా మొదటి లాగు కుట్టిన దర్జీ.

తలుపు వేసుకునేలోపల ఆయన చూడనే చూశాడు.

"అరె! మన రాచప్ప కొడుకు గదరా! హుసేనప్పా!"

"ఏంది మామా, నువ్విక్కడ?"

"నేనిక్కడేంది? ఇరవై ఏండ్ల సంది ఇక్కడనే మిషిన్ కుడుతున్న. ఈ గల్లీ అంత మనోళ్లే. నువ్విక్కడేంది? డ్యూటీ ఉన్నదని పీర్లకు రాలేదంట గద? మీ అమ్మ పీరు ముందర నిలవడి మొక్కింది. 'నా కొడుకుకు సెలవిచ్చే బుద్ధి ఆ సాహెబుకు పుట్టియ్యి సామీ' అని."

వెనక నుంచి సునీత, "డ్యూటీ ఏంటండీ? అత్తయ్యగారికి చెప్పే ఇల్లు వెతుకుతున్నానన్నారు కదా?"

పక్క గుమ్మంలోంచి ఖాసింబీ, "జవళగేర అంటివి గద బేటా?"

ముగ్గురూ నా వైపే చూస్తున్నారు. ముగ్గురికీ ముగ్గురు వేరువేరు హుసేనప్పలను చూపించాను. ఇప్పుడు నాలుగోవాణ్ణి ఎక్కడి నుంచి తేను? "నీళ్ళొచ్చే టైమైంది," అని బిందె పట్టుకుని కుళాయి దగ్గరికి పోయాను. నీళ్ళు రాలేదు. ఆ రోజు నీళ్ళు వచ్చే రోజే కాదు.

పద్నాలుగు తాళాలూ ఊడాయి. ఆ తర్వాత ఆ గల్లీలో నిశ్శబ్దం అనేది నేను చూడలేదు. పీరప్ప మామ మిషిను, దానికి ఎదురుగా రేడియో, ఈ గుమ్మం నుంచి ఆ గుమ్మానికి కేకలు. ముదగల్ కోడలు వచ్చిందని తెలిసి ఆడవాళ్ళు పండుగ నాటి బెల్లం చోంగెలు పట్టుకుని బారులు తీరారు. ఒక్కొక్కరూ తీపి రొట్టె ముక్క సునీత నోట్లో పెట్టి, నా చిన్నప్పటి సంగతి ఒకటి ఆమె చెవిలో వేసి వెళ్ళారు. లెక్కల్లో తప్పిన సంగతి నాలుగు రకాలుగా చేరింది. మూడు రోజులు పుస్తకం తెరవడానికి వీలు కాలేదు.

నాలుగో రోజు సునీత నన్ను తిట్టి ఉంటే బాగుండేది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, "పరీక్షకు ఇంకెంత, పది నెలలేగా," అని తనకు తానే చెప్పుకుంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పీరప్ప మామ దగ్గరికి పోయి ఉన్నదంతా చెప్పాను. ఆమెకు ఇదే ఆఖరి అవకాశమని, కాస్త నెమ్మదిగా ఉండేట్టు చూడమని బతిమాలాను.

"ముందే చెప్పద్దురా! మన కోడలు పంతులమ్మ అయితదంటే మేము గమ్మునుండమా?" అని ఆయన గల్లీ మధ్యకు వచ్చి నిలబడి, పీర్లు లేపేటప్పుడు కూడా అంత గొంతు ఎత్తి ఉండడు, "గమ్మునుండుండ్రి! కోడలు చదువుతున్నది!" అని కేక వేశాడు.

ఆ రోజు నుంచి మొదలైంది అసలు గోల. అంతకుముందు వాళ్ళు మామూలుగా మాట్లాడుకునేవారు. ఇప్పుడు ఒకరినొకరు ఊరుకోమని చెప్పుకోసాగారు. "మెల్లగ మాట్లాడే!" "నేను మెల్లగనే అన్న, నువ్వే అరుస్తున్నవ్!" "ఎవరు అరిచింది? కోడల్ని అడుగుదాం పా!" గంటకొకసారి ఎవరో ఒకరు కిటికీలోంచి తల పెట్టి, "అమ్మా, మేము గమ్మునున్నమా?" అని అడిగి వెళ్ళేవారు. ఖాసింబీ గుమ్మంలో కాపలా కూర్చుంది. కాలు ఈడ్చే ప్రతి మనిషినీ, "కాలెత్తి నడువు, లోపల పరీచ్చ ఉన్నది," అని గదిమేది. కూరగాయల బండివాడు గల్లీలోకి వచ్చి నోరు మూసుకుని నిలబడితే, వాడు ఏమేం తెచ్చాడో అందరూ వాడి తరఫున అరిచి చెప్పేవారు.

ఇలా కాదనుకుని సునీతకు చెప్పకుండా మళ్ళీ ఇల్లు వెతికాను. ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని వెతికాను. ఇంకో లేఅవుట్లో ఒక ఇంటిని పొద్దున చూశాను, మధ్యాహ్నం చూశాను, ఆదివారం చూశాను, శుక్రవారం చూశాను. మనుషులు ఇళ్ళల్లోనే ఉన్నారు, చప్పుడు మాత్రం లేదు. ఇంటాయన నా పేరు విని కొంచెంసేపు గడ్డం గోక్కున్నాడు. చివరికి ఒప్పుకున్నాడు.

"ఉండండి. ఒకటే మాట. గేటుకు పేరు బోర్డు మాత్రం పెట్టకండి. వచ్చేపోయేటోళ్లు అడిగితే నాకు తలనొప్పి."

సరేనన్నాను. ఆమె చదువుకోసం ఆ మాత్రం మింగలేనా అనుకున్నాను. ఇంటికి వచ్చి ఎంతో సంతోషంగా ఉన్నట్టు ముఖం పెట్టి చెప్పాను.

సునీత పుస్తకం మూసింది. "అంత మంచి ఇల్లు మనకెలా దొరికిందండీ?"

చెప్పక తప్పలేదు. బోర్డు సంగతి కూడా చెప్పాను.

ఆమె ముఖం ఎర్రబడింది. పెళ్ళయ్యాక ఆమెకు అంత కోపం రావడం అదే మొదటిసారి. "అత్తయ్యగారు మొక్కుకుని పెట్టుకున్న పేరు దాచుకుని ఉండాలా మనం? ఇక్కడ గోలంటే చెవుల్లో దూది పెట్టుకుంటాను. అక్కడ దూది ఎక్కడ పెట్టుకోమంటారు?"

నోటు పుస్తకంలో చప్పుడుకు, నీళ్ళకు, బస్సుకు, గాలికి గళ్ళు గీశాను గాని దీనికి గడి గీయలేదు. ఒక ఊళ్ళో ఇన్ని పేటలు తిరిగి, ఎక్కడ ఉంటే బాగుంటుందనే చూశాను. ఎక్కడ నన్ను నన్నుగా ఉండనిస్తారన్నది కదా ముందు చూడవలసింది? ఆ పుస్తకం పొయ్యి వెలిగించడానికి పనికొచ్చింది.

సునీత దూది పెట్టుకుని చదివింది. పరీక్ష రెండుసార్లు వాయిదా పడి, చివరికి ఏం కుదిరిందో చూడండి, మళ్ళీ పీర్ల పండుగ అయిపోయిన వారానికి వచ్చి కూర్చుంది. పండుగ నెల మొదలవగానే గల్లీ గల్లీ అంతా టెంపోలు ఎక్కింది. మోకాలి నొప్పితో ఖాసింబీ, పరీక్షతో మేము మిగిలాం. పద్నాలుగు తాళాలు. కుళాయి బొట్టు చప్పుడు. ఏడాది కిందట నేను మాటిచ్చిన నిశ్శబ్దం, ఆలస్యంగానైనా, సరిగ్గా కావలసిన వేళకు వచ్చింది. నాకు గర్వంగా కూడా అనిపించింది.

మొదటి రోజు సునీత చదివింది. రెండో రోజు ఒకే పేజీ పొద్దంతా చదివింది. మూడో రోజు కిటికీ తెరిచి గల్లీ వైపు చూస్తూ కూర్చుంది.

"ఏమైంది?"

"నా వల్ల కావట్లేదండీ. ఎవరూ లేకపోతే ఏదో జరిగినట్టుంది. ఈ పాటికి ఎదురింటి మల్లమ్మక్క వచ్చి, గమ్మునున్నమా అని అడగాలి కదా?"

నేను నెత్తి పట్టుకున్నాను. అలాగే ఎనిమిదో రోజు దాకా లాగాక ఖాసింబీయే తేల్చింది. "పుస్తకాలు మూట కట్టు బిడ్డా. ముదగల్ పోదాం. నా మోకాలు ఇక్కడ నొస్తది, అక్కడ నొస్తది. అక్కడైతే పీరు దర్శనమన్న అయితది."

ముదగల్ చేరేసరికి తొమ్మిదో రోజు. జనం ఇసుక వేస్తే రాలనట్టున్నారు. అమ్మ నన్ను చూసి ముందు ఏడ్చింది, తర్వాత ఈసారి సెలవిచ్చిన ఆఫీసు సాహెబు చల్లగా ఉండాలని దీవించింది. సెలవు ఎన్నడూ కాదనని సాహెబును దీవిస్తుంటే నేను తల వంచుకుని నిలబడ్డాను. సునీత లోపలి గదిలో పుస్తకాలు పరిచింది. గోడకు అవతలే నిప్పుల గుండం. డప్పులు మొదలయ్యాయి. అటకమీది గిన్నెలు కూడా ఆడుతున్నాయి. అంత మోతలో ఒక గొంతు పైకి లేచింది.

"గమ్మునుండుండ్రి! లోపల మా కోడలు పరీచ్చకు చదువుతున్నది!"

అది పీరప్ప మామ. వేలమంది జనాన్ని, నూరు డప్పులను, ముదగల్ మొహర్రాన్ని ఊరుకోమంటున్నాడు! కిటికీలోంచి చూస్తే రెండు చేతులూ పైకెత్తి, మీసాలు తడిసి, నిజంగానే బతిమాలుతున్నాడు. ఎవరికీ వినబడడం లేదు. ఆయన మాత్రం ఆపడం లేదు.

సునీత పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. చెవుల్లోంచి దూది తీసి కిటికీ బయట పారేసి, మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. సాయంత్రానికి రెండు పుస్తకాలు తిరగేసింది. అంత మోతలో ఏం ఎక్కిందని మీరడిగితే నాకు తెలియదు. ఫలితాలు వచ్చాక మొదటి జాబితాలో ఆమె పేరు లేదు. ఆ పూట గల్లీ గల్లీ నిజంగానే గమ్మున ఉంది, ఎవరూ చెప్పకుండానే. రెండో జాబితాలో పేరు వచ్చిన రోజు ఎలా ఉందో చెప్పను, మీరే ఊహించుకోండి.

లింగసుగూరు దగ్గర బడిలో ఉద్యోగం వచ్చింది. నేనూ అక్కడికే బదిలీ చేయించుకున్నాను. ఇల్లు చూడాలి. నేను చొక్కా తొడుక్కుంటుంటే సునీత గుమ్మానికి అడ్డం నిలబడింది.

"మీరు చూసింది చాలండీ. ఈసారి నేను చూస్తాను."

చూసి వచ్చింది. "ఎలా ఉంది?" అన్నాను. "వీధిలో ఒక్క తలుపుకూ తాళం లేదండీ. అడ్వాన్సు ఇచ్చేశాను," అంది. సామానుతో వెళ్ళి చూస్తే నిజమే, ఏ తలుపుకూ తాళం లేదు. ఎదురింట్లో పిండి మిల్లు. పక్కింట్లో బ్యాండు మేళం వాళ్ళు. మా గేటుకు మాత్రం అప్పుడే పెయింటు ఆరిన బోర్డు వేలాడుతోంది. హుసేనప్ప, సునీత అని పెద్ద అక్షరాలతో.

"బోర్డు ఎప్పుడు రాయించావ్?" అని అడిగాను. మిల్లు మోతలో ఆమెకు వినబడలేదు. రెండోసారి అడగకుండా, దుమ్ము లేకపోయినా బోర్డును చొక్కా కొసతో తుడిచాను.

కాబట్టి ముదగల్ హుసేన్ పీరు సాక్షిగా, ఆయన పేరు మోస్తున్న నేను ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో తాళాలు చూసి ఇల్లు తీసుకోను. పీర్ల రోజుల్లో ఇల్లు వెతకను. అమ్మకు డ్యూటీ అని అబద్ధం చెప్పను. ఇదంతా బోర్డు కింద నిలబడి, చెయ్యి పైకెత్తి, గట్టిగానే అన్నాను. పక్కింటి బ్యాండువాళ్ళు ట్రంపెట్టు దించి, "సార్, కొంచెం మెల్లగ. మేము ప్రాక్టీసు చేసుకుంటున్నం," అన్నారు.